నేర్పే ఖర్చు ఎవరిది?

ఐటీఐలో ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ చదివే పిల్లలకు దాతలు ఫీజులు కట్టడం మనకు కొత్త కాదు. మా దగ్గర పదో తరగతి చదివినవారిలోనూ అలా ముందుకు వెళ్లినవారున్నారు. చిక్కంతా ఆ తరువాతే. సర్టిఫికెట్ చేతికొస్తుంది. కంపెనీ గేటు దగ్గర "అనుభవం ఉందా?" అని అడుగుతారు. ఆ అనుభవం ఎక్కడ దొరుకుతుందో మాత్రం ఎవరూ చెప్పరు.

1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం చెప్పింది. కాంట్రాక్టు సిబ్బందితో కలిపి 30 మంది, ఆపైన ఉన్న సంస్థ 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలి. 200 మంది ఉన్నచోట కనీసం 5గురు. 4 నుంచి 29 మంది ఉంటే యజమాని ఇష్టం. స్టైపెండు యజమానే ఇవ్వాలి. 2019 నిబంధనలు మొదటి ఏడాది ఐటీఐ పాసైనవారికి నెలకు కనీసం 7,000 రూపాయలుగా నిర్ణయించాయి. 2016లో వచ్చిన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద అందులో 25 శాతం, 1,500 మించకుండా, కేంద్రం భరిస్తుంది.

మరి పాటించకపోతే? 2014 సవరణ జైలుశిక్ష తీసేసి, ఖాళీగా ఉంచిన ఒక్కో సీటుకు మొదటి మూడు నెలలు నెలకు 500, ఆపైన 1,000 జరిమానా పెట్టింది. లెక్కలు చెప్పే వృత్తిలో ఉన్నాం కనుక అడుగుతున్నాం: ప్రభుత్వ వాటా పోను 5,500 ఇచ్చేకంటే 1,000 కట్టడమే చవక కాదా?

"నేర్పాక పక్క కంపెనీకి పోతాడు" అంటారు యజమానులు. అబద్ధం కాదు. అందుకే ఖర్చు అందరి మీదా పడాలి. బ్రిటన్‌లో 2017 ఏప్రిల్ నుంచి, ఏడాదికి 30 లక్షల పౌండ్లకు మించి జీతాలిచ్చే సంస్థల మీద 0.5 శాతం శిక్షణ సుంకం ఉంది. అప్రెంటిస్‌లను పెట్టుకున్నవారు ఆ సొమ్మును వారి శిక్షణకే వాడుకోవచ్చు. పెట్టుకోనివారికి సుంకం ఎలాగూ తప్పదు.

మన మెకానిక్ షెడ్లలో ఉస్తాద్ దగ్గర ఏళ్ల తరబడి పని నేర్చిన కుర్రాళ్లకు చేతిలో పని ఉంది, కాగితం లేదు. అదే పని చట్టప్రకారం ఒప్పందం రాసుకుని నేర్చుకుంటే, చివర పరీక్ష రాసి జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ పొందవచ్చు. షెడ్డులో నలుగురు పనివాళ్లుంటే చాలు.

ఈ సంచిక చదివేవారిలో వ్యాపారస్తులు చాలామందే ఉన్నారు. ఫీజు చెక్కు రాసేటప్పుడు మీ హాజరు పట్టీ కూడా ఒకసారి తిరగేయండి. 30 దాటితే కేంద్ర అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో సంస్థను నమోదు చేయాలి. దరఖాస్తు నింపడం కష్టమనిపిస్తే కబురు చేయండి, ఆదివారం మేమే వచ్చి నింపిపెడతాం.