డిస్టిలరీ చూసి మగ్గం గురించి నేర్చుకో

చిరంజీవి బిడ్డకు,

స్కాట్లండ్ వెళ్లి కోటలు, పల్లెలు, విస్కీ డిస్టిలరీలు చూసొచ్చి, మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వైపు అలాంటి యాత్రే నడపాలని ఉందని రాశావు. అక్కడ ఏది శ్రద్ధగా చూడాలని అడిగావు. నా మాట వింటే కోటల్లో కంటే డిస్టిలరీల్లోనే ఎక్కువసేపు ఉండు. తాగమని కాదులే. ఒక పనితనాన్ని పరాయివాడికి ఎలా చూపించాలో వాళ్లకు బాగా తెలుసు.

బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి మరపడతారు. వేడినీళ్లతో అందులోని తీపిని దించి పులియబెడతారు. ఆ పులిసిన ద్రవాన్ని రాగి బానల్లో మామూలుగా రెండుసార్లు కాచి దించితే వచ్చేది నీళ్లలా తేటగా ఉండే సారా. ఓక్ పీపాల్లో కనీసం 3 ఏళ్లు నిలవుంటే తప్ప చట్టం దాన్ని స్కాచ్ అననివ్వదు. ఆ నిలవలో ఏటా నూటికి రెండు పాళ్ల దాకా ఆవిరైపోతుంది. దాన్ని వాళ్లు దేవదూతల వాటా అంటారు. నిజానికి ఆ గోదాములో చూడటానికేముంది? మసక చీకటి, వరసగా పీపాలు. అయినా మనిషి అక్కడ నిలబడిపోతాడంటే, ఎన్నేళ్లు ఆగాలో, ఎంత పోతుందో, ఆ పేరుకు ఏ చట్టం కాపలా ఉందో విప్పి చెప్పేవాడు ఒకడున్నాడు కాబట్టే. 1823లో పన్ను తగ్గించి లైసెన్సు సులువు చేసేదాకా స్కాట్లండ్ కొండల్లో చాలా బట్టీలు దొంగచాటువే. ఇప్పుడు ఆ కథకూ టికెట్టుంది!

అయితే మనకు కల్లు లేదా అంటావు. ఉంది, కానీ దాని గుణం వేరు. లొట్టిలో పడుతుండగానే పులవడం మొదలై, సాయంత్రానికే ఘాటెక్కుతుంది. ఏళ్ల తరబడి నిలవ పెట్టే సరుకు కాదది. బెంగళూరు అమృత్ వాళ్లు సింగిల్ మాల్ట్ చేసి 2004లో గ్లాస్గోలోనే అమ్మకానికి పెట్టారు, నిజమే. బెంగళూరు ఎండకు ఏటా పదో వంతు దాకా పీపాల్లోంచి ఆవిరవుతుంది. మన పాలమూరు ఎండ సంగతి నీకు చెప్పాలా? పైగా కల్లులో మత్తుమందులు కలిపే దందా మన జిల్లాలను ఏళ్లుగా పీడించింది. నమ్మకం లేని చోటికి చుట్టాన్ని పిలవకూడదు. తెల్లారుజామున గౌడన్న మోకు వేసుకుని చెట్టెక్కడం చూపించు, తాజా నీరా ఇప్పించు. అంతవరకు చాలు.

డిస్టిలరీకి సాటి రాగలిగింది మన దగ్గర గద్వాల మగ్గం. ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. గుణం వేరైన ఈ రెండు దారాలను ఒకే బట్టగా కలపడంలోనే ఉంది విద్యంతా. కుప్పడం నేతలో ఒంటికొక నాడె, రెండు అంచులకు రెండు నాడెలు నడుస్తాయి. ఒంటి పేక, అంచు పేక కలిసే చోట వరస వరసకూ ఒకదానికొకటి మెలిక పడాలి. అక్కడ చెయ్యి తప్పితే అంచు విడిపోతుంది. చీర కొనేవాళ్లు అంచు రంగు చూస్తారే గానీ ఆ మెలిక చూడరు. నువ్వు చూపించాల్సింది దాన్నే. స్కాచ్ లాగే గద్వాల చీర పేరుకూ భౌగోళిక గుర్తింపు ఉంది. సంస్థానం రోజుల నుంచి తిరుమల బ్రహ్మోత్సవాలకు గద్వాల ఏరువాడ జోడు పంచెలు పంపుతోంది. వాటిని నేసేవాళ్లు నిష్ఠతో కూర్చుంటారు. కోటకూ మగ్గానికీ ఉన్న చుట్టరికాన్ని దీనికి మించి చూపేది మరొకటి లేదు.

మన కోటల్లో చూడటానికేం మిగల్లేదని ఎవరైనా అంటే ఒప్పుకోకు. గద్వాల రాజు సోమనాద్రి కట్టించిన మట్టికోటలో చెన్నకేశవుడి గుడి ఉంది, మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరిట డిగ్రీ కాలేజీ ఉంది. వనపర్తి రాజప్రాసాదం పాలిటెక్నిక్ అయింది. ఎడింబరా కోటలో ఇప్పటికీ సైన్యం ఉంటుంది, దాన్ని ఎవరూ లోపమనరు. వాడుకలో ఉంది కాబట్టే గోడ నిలిచింది. ఖిల్లా ఘనపురం, కొల్లాపూర్ బంగళా దారిలో చూపించు. సోమశిలలో మాత్రం నింపాదిగా ఆగు. శ్రీశైలం జలాశయం కింద మునిగిపోకుండా గుళ్లను రాయి రాయిగా విప్పి తెచ్చి మళ్లీ కట్టిన చోటది.

నేతగాడి ఇల్లేమన్నా సంతా అని నిలదీసేవాళ్లూ ఉంటారు. ఆ మాటలో న్యాయం ఉంది. పదిమంది చుట్టూ నిలబడితే ఆ పూట నేత సాగదు, పూట కూలి పోతుంది. స్కాట్లండ్‌లో డిస్టిలరీలు చూసినందుకే రుసుము తీసుకుంటాయి, సీసా కొనడం వేరే లెక్క. నువ్వూ అలాగే పెట్టు. చీర కొన్నా కొనకున్నా, పోయిన కూలికి మించిన సొమ్ము ముందే మగ్గం వాళ్ల చేతిలో పడాలి. ఒక ఇంటికి ఒకసారి నలుగురైదుగురికి మించి వెళ్లొద్దు, ఏ పూట రావాలో వాళ్లే చెప్పాలి. ప్రయాణానికి ముందే గద్వాల వెళ్లి ఆ ఇళ్లవాళ్లను అడిగి, ఆ రుసుము ఎంతో తేల్చుకో.

ఇట్లు,
మీ పెద్దనాన్న