హిమభూమిలో ‘భారతి’

విశాఖపట్నం ఓడరేవులో ఉక్కు కంటైనర్లు ఓడలకెక్కే దృశ్యం నగరవాసులకు సుపరిచితం. సరకులు మోసే అటువంటి పెట్టెలే మానవునికి నివాసం కాగలవని అంటార్కిటికాలోని మన పరిశోధన కేంద్రం ‘భారతి’ నిరూపించింది.

మన దేశం అక్కడ తొలుత నిర్మించిన ‘దక్షిణ గంగోత్రి’ క్రమంగా మంచులో కూరుకుపోయింది. 1990లో దానిని విడిచిపెట్టవలసి వచ్చింది. ఆ తరువాతి కేంద్రాలైన ‘మైత్రి’, ‘భారతి’ శిలాభూమిపై వెలసినవి.

హిమఖండంలో నిర్మాణానికి అనువైన వేసవి కొద్ది నెలలే. తడి కాంక్రీటు గట్టిపడకముందే అందులోని నీరు గడ్డకట్టే ప్రమాదమున్నది. కావున జర్మన్ వాస్తుశిల్పుల నమూనా ననుసరించి 134 కంటైనర్లను ముందుగానే సిద్ధపరచి, ఓడలో లార్సెమాన్ కొండలకు చేర్చి, మాలలో పూసలవలె కూర్చారు. వాటి చుట్టూ చలిని అడ్డగించే కవచం తొడిగారు. భవనాన్ని స్తంభాలపై ఎత్తుగా నిలిపినందున గాలి మంచును అడుగునుండి కొట్టుకొనిపోతుంది. 2012 మార్చి 18న ప్రారంభమైన ఈ ప్రధాన భవనంలో 47 మంది నివసింపవచ్చు.

అవసరం తీరిన పిమ్మట దీనిని విడదీసి తరలించవచ్చు. అంటార్కిటికా పర్యావరణ రక్షణకై 1991లో దేశాలు చేసుకొన్న ఒప్పందానికి ఇది అనుగుణమైన పద్ధతి. శీతలప్రాంతాలలో హోటళ్ళు నిర్మించేవారికీ ఇది ఆదర్శప్రాయం. హిమభూమిలో మానవుడు అతిథి మాత్రమే. అతిథి వెడలిన పిదప ఆ యిల్లు పూర్వంవలెనే ఉండవలెను.

ప్రశ్నలు
1. ‘దక్షిణ గంగోత్రి’ని ఎందుకు విడిచిపెట్టవలసి వచ్చింది?
2. ‘భారతి’ నిర్మాణవిధానాన్ని వివరించండి.