సున్నములో దాగిన వేడి: ఎంథాల్పీని గూర్చి ఒక పరిశీలన

రసాయన చర్య జరిగినపుడు పదార్థము మారుట మాత్రమే కాదు, శక్తి కూడ చేతులు మారును. కట్టె మండినపుడు వేడి పుట్టుట అందరమును ఎరిగినదే. కాని చల్లని సున్నపు గడ్డపై చల్లని నీరు పడినంతనే ఆ నీరు సలసల కాగుట చూచినవారికి ఆశ్చర్యము కలుగక మానదు. సంక్రాంతికైనను రంజానుకైనను ఇంటికి వెల్ల వేయుటకు పొడిసున్నమును తడిపినపుడెల్ల ఈ వింత జరుగుచునే యుండును. నిప్పు లేదు, పొయ్యి లేదు. మరి ఆ వేడి ఎక్కడి నుండి వచ్చినది? ఈ ఒక్క ప్రశ్నకు సమాధానము వెదకినచో, విద్యార్థులు మిక్కిలి జంకుచుండు 'ఎంథాల్పీ' అను భావన సులభముగా బోధపడునని మా నమ్మకము.

ఎంథాల్పీ అనగా నేమి?

ప్రతి పదార్థములోను కొంత శక్తి నిలువయై యుండును. ఆ పదార్థపు అంతరిక శక్తికి, దాని పీడన ఘనపరిమాణముల లబ్ధమును కలిపిన వచ్చు మొత్తమునే ఎంథాల్పీ అందురు. దీని పూర్తి విలువను మనము కొలువలేము. చర్యకు ముందు వెనుకల గల తేడాను మాత్రమే కొలువగలము. మూత లేని పాత్రలో, అనగా స్థిర పీడనమువద్ద, చర్య జరిగినపుడు వెలువడిన లేక గ్రహింపబడిన ఉష్ణమే ఆ తేడా.

క్రియాజన్యముల ఎంథాల్పీ నుండి క్రియాజనకముల ఎంథాల్పీని తీసివేయవలెను. ఫలితము ఋణాత్మకమైనచో అది ఉష్ణమోచక చర్య. ధనాత్మకమైనచో ఉష్ణగ్రాహక చర్య. వేడి బయటకు వచ్చినపుడు ఋణ గుర్తు ఎందుకని చాలమంది తికమకపడుదురు. ఆ లెక్క మన పక్షమున వ్రాసినది కాదు, పదార్థముల పక్షమున వ్రాసినది. మన చేతికి వెచ్చగా తగిలినది వాటికి నష్టమే కదా!

మూడు మెట్లు

ఇక సున్నపు కథను చూతము. దిగువ విలువలన్నియు 25 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద, ఒక్కొక్క మోల్‌కు చెప్పబడినవి.

మొదటి మెట్టు బట్టీలో జరుగును. సున్నపు బట్టీలకు పేరుపొందిన పిడుగురాళ్ళ వంటి చోట్ల సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాల్చుదురు. సున్నపురాయి, అనగా కాల్షియం కార్బొనేటు, విడిపోయి పొడిసున్నము, కార్బన్ డై ఆక్సైడు ఏర్పడును. 100 గ్రాముల రాయి 56 గ్రాముల పొడిసున్నమును, 44 గ్రాముల వాయువును ఇచ్చును. ఇందుకు 178.3 కిలోజౌళ్ళ ఉష్ణము గ్రహింపబడును.

రెండవ మెట్టు నీటితో జరుగును. 56 గ్రాముల పొడిసున్నము 18 గ్రాముల నీటితో కలిసి తడిసున్నముగా మారునపుడు 65.2 కిలోజౌళ్ళు వెలువడును. ఇది స్వల్పమని తలచరాదు. ఒక కిలోగ్రాము పొడిసున్నము ఇచ్చు వేడి, ఏమాత్రము వృథా కానిచో, 25 డిగ్రీల వద్దనున్న మూడున్నర లీటర్లకు పైగా నీటిని మరిగించుటకు చాలును.

మూడవ మెట్టు గోడపై జరుగును. తడిసున్నము గాలిలోని కార్బన్ డై ఆక్సైడును మెల్లగా పీల్చుకొని, నీటిని విడిచి, తిరిగి కాల్షియం కార్బొనేటుగా, అనగా రాయిగా మారును. వెల్ల గట్టిపడుటకును, పాత కట్టడముల గచ్చు బిగుసుకొనుటకును ఇదియే కారణము. హైదరాబాదులో 1591లో వెలసిన చార్మినారు సున్నపు పనిలోను జరిగినది ఈ చర్యయే.

జమాఖర్చులు

ఈ మూడవ మెట్టులో ఎంత వేడి వెలువడును? గోడలో నెలల తరబడి, ఒక్కొక్కపుడు ఏండ్ల తరబడి సాగు చర్యను కెలోరీమీటరులో కొలుచుట సాధ్యము కాదు. ఇచ్చటనే హెస్ నియమము మనకు తోడ్పడును. జెనీవాలో 1802లో జన్మించి రష్యాలో పనిచేసిన హెస్ అను శాస్త్రజ్ఞుడు 1840లో ఈ నియమమును ప్రకటించెను. చర్య ఒక మెట్టులో జరిగినను, పలు మెట్లలో జరిగినను, మొత్తము ఎంథాల్పీ మార్పు ఒక్కటే యని దాని సారాంశము. శక్తి నిత్యత్వ నియమము శాస్త్రలోకములో స్థిరపడక మునుపే ఆయన ఈ సత్యమును గ్రహించుట గమనింపదగినది.

మన కథ సున్నపురాయితో మొదలై సున్నపురాయితోనే ముగిసినది. బయలుదేరిన చోటికే తిరిగి వచ్చితిమి గనుక మొత్తము మార్పు సున్న కావలెను. బట్టీలో అప్పు తెచ్చినది 178.3. నీటిలో తీర్చినది 65.2. మిగిలిన 113.1 కిలోజౌళ్ళను గోడ తీర్చి తీరవలెను. కొలువకయే విలువ తెలిసినది!

కనుక తడిపినపుడు పుట్టిన వేడి నీటిది కాదు, నాడు బట్టీలో మండిన బొగ్గుదే.

రెండు అపోహలు

బంధములు తెగినపుడు శక్తి వెలువడునని కొందరు పరీక్షలలో వ్రాయుచుందురు. ఇది సరికాదు. బంధము తెగుటకు శక్తి కావలెను. కొత్త బంధము ఏర్పడునపుడు శక్తి వెలువడును. ఈ రెండింటి తేడాయే మనకు కనిపించు ఉష్ణము.

ఎక్కువ వేడినిచ్చు చర్య వేగముగా జరుగునని మరికొందరు తలతురు. మన ఉదాహరణయే దీనిని ఖండించుచున్నది. 65.2 కిలోజౌళ్ళ చర్య నిమిషములలో నీటిని కాచగా, 113.1 కిలోజౌళ్ళ చర్య జరుగుచున్నపుడు గోడను తాకినవారికి వెచ్చదనమే తెలియదు. ఎంథాల్పీ 'ఎంత' అని చెప్పును గాని 'ఎంత త్వరగా' అని చెప్పదు.

ప్రాణములకు సంబంధించిన మాట

ఈ లెక్క పరీక్షలకే పరిమితమైనది కాదు. గుట్టగా పోసిన పొడిసున్నముపై కొద్ది నీరు చల్లినచో, ఆ కొద్ది నీరు అంత వేడిని భరింపలేక ఆవిరియై, సున్నమును ఎగజిమ్మును. అది కంటిలో పడినచో వేడి, క్షారము రెండును కలిసి చూపునకే ముప్పు తెచ్చును. కావున వెడల్పైన పాత్రలో చాలినంత నీరు ముందుగా పోసి, సున్నమును కొద్ది కొద్దిగా అందులో వేయవలెను. పాత్రకు మూత బిగింపరాదు. పిల్లలను దూరముగా ఉంచవలెను. ఒకవేళ కంటిలో పడినచో వెంటనే ధారాళముగా మంచినీటితో కడుగుచు, ఆలస్యము చేయక వైద్యుని చేరవలెను.

మరియొక సంగతి. రాయి నుండి పోయిన 44 గ్రాముల కార్బన్ డై ఆక్సైడును గోడ తిరిగి పీల్చుకొనగలదు. కాని ఆ రాయిని కాల్చుటకు లెక్క ప్రకారము కనీసము అయిదున్నర గ్రాముల కర్బనము మండవలెను. దాని నుండి వచ్చు సుమారు 20 గ్రాముల వాయువు గాలిలోనే మిగిలిపోవును. నిజమైన బట్టీలో వేడి చాలవరకు వృథా యగును గనుక ఈ మొత్తము ఇంకను హెచ్చును. శక్తి ఖాతా సరిపోయినను గాలి ఖాతా సరిపోలేదు. భూమి వేడెక్కుచున్న ఈ కాలములో బట్టీలలో ఇంధనమును ఆదా చేయు మార్గములను వెదకుట రసాయన విద్యార్థుల కర్తవ్యములలో ఒకటి.

కావున విద్యార్థి మిత్రులారా! ఎంథాల్పీ పట్టికలలోని అంకెలను కంఠస్థము చేయుటతో తృప్తి చెందకుడు. ప్రతి అంకె వెనుక ఎవరు ఇచ్చిరి, ఎవరు పుచ్చుకొనిరి అని ప్రశ్నింపుడు. జమాఖర్చులు సరిచూచుట అలవడినచో ఉష్ణగతిక శాస్త్రము మీకు భయమును గాక ఆనందమునే కలిగించును.