ముందు గుండు దారం, ఆ తర్వాతే వెల్డింగు

చి. చిన్నాకు,

నీ ఉత్తరం, ఫోటోలు అందాయి. 1955 షెవీ ముందు సస్పెన్షన్ మొత్తం విప్పేసి, ఇంట్లోనే స్ట్రెయిట్ యాక్సిల్ వేస్తానంటున్నావు. వద్దనను. ఇంత పని సొంత గ్యారేజీలో చేయాలన్న పట్టుదల నీ వయసులో ఎంతమందికి ఉంటుంది? కాకపోతే యాక్సిల్ ఎక్కడ దొరుకుతుంది, వెల్డింగ్ మిషన్ ఏది కొనాలి అని రెండు పేజీలు రాశావు గానీ, కొలతల గురించి ఒక్క ముక్క లేదు. నేను రాయబోయేది ముఖ్యంగా దాని గురించే.

నువ్వు ఏది తీసి ఏది పెడుతున్నావో ముందు తెలుసుకో. ఆ కారుకు ఫ్యాక్టరీ నుంచే కాయిల్ స్ప్రింగులు, బాల్ జాయింట్లు వచ్చాయి. ముందు చక్రాలు రెండూ వేటికవి ఆడతాయి. రోడ్డు మీద అదే మెరుగు, అందులో వాదన లేదు. 1950లు, 60లలో అమెరికా డ్రాగ్ రేసుల్లో గ్యాసర్ కార్లు తయారుచేసినవాళ్లు దాన్ని పీకి బీమ్ యాక్సిల్ వేసింది వేరే అవసరం కోసం. కారు ముక్కు ఎత్తుగా ఉంటే బయల్దేరే క్షణంలో బరువు వెనక్కి మళ్లుతుంది, వెనక టైర్లకు పట్టు దొరుకుతుంది. పావు మైలు తిన్నగా పోవడానికి అది చాలు. నువ్వు ఆగస్టులో డెట్రాయిట్ వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్‌లో తిప్పాలంటున్నావు. అక్కడ గుంటలుంటాయి, మలుపులుంటాయి, ముందు కారు ఠక్కున ఆగుతుంది. రూపం గ్యాసర్‌దే పెట్టుకో, లెక్కలు మాత్రం రోడ్డువి వెయ్యి. పైగా మన మిషిగన్‌లో ఏటా బండి తనిఖీ చేసే పద్ధతి లేదు. తప్పు ఉంటే పట్టుకోవాల్సింది నువ్వే.

యాక్సిల్ విషయంలో నా మాట ఒక్కటే. గొట్టం కొని దానికి చివర్లు నువ్వే అతికించాలనుకోకు. 1961-67 ఫోర్డ్ ఎకనోలైన్ వ్యాన్ల కింద ఉండే ఐ-బీమ్ దొరికితే తీసుకో, గ్యాసర్లు కట్టేవాళ్లు చాలామంది దాన్నే వాడతారు. పాతది కొంటే వంగిందేమో చూడు. వంగితే నిప్పు మీద కాల్చి సరిచేయకు, ఉక్కు బలం పోతుంది. చల్లగా ఉండగానే ప్రెస్సులో వంచే షాపుకు పంపు.

కింగ్‌పిన్‌లు పాతవే వాడతానని కూడా రాశావు. వద్దు. సెలవులకు వచ్చినప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో లారీల ముందు యాక్సిళ్లు చూశావు కదా, ఇదీ అదే జాతి. అక్కడి మేస్త్రీలు చక్రాన్ని జాకీ మీద లేపి, పైనొక చెయ్యి, కిందొక చెయ్యి పెట్టి ఊపుతారు. ఆట తగిలితే ఇంకొకరిని బ్రేకు తొక్కమంటారు. ఆట పోయిందా, అది చక్రం బేరింగుది. బ్రేకు తొక్కినా ఉందా, కింగ్‌పిన్‌ది. ఈ పరీక్ష నీకు బతికినన్నాళ్లూ పనికొస్తుంది. కొత్త బుష్‌లు కొట్టాక పైదీ కిందదీ విడివిడిగా రీమ్ చేస్తే ఒకే గీతలో రావు. పొడుగు పైలట్ ఉన్న రీమర్ ఒక్కటే రెండింటిలోంచీ పోవాలి.

ఇక విప్పడం. కాయిల్ స్ప్రింగు నొక్కుడు మీద ఉంటుంది. బాల్ జాయింట్ వదలగానే అది ఎగిరి వస్తే మనిషి ప్రాణం తీయగలదు. కింది ఆర్మ్‌కు జాకీ ఆనించి, స్ప్రింగును ఫ్రేముకు గొలుసుతో కట్టి, జాకీని మెల్లగా దించు. స్టాండ్లు పెట్టకుండా కారు కింద దూరావని తెలిస్తే మీ అమ్మకు నేనే ఫోన్ చేస్తాను. విప్పిన భాగాలేవీ పారేయకు, మూట కట్టి అటక మీద పడెయ్యి.

అసలు పని ఇప్పుడు మొదలవుతుంది. కారును నడిచే ఎత్తులో నిలబెట్టు. ఇంజన్, రేడియేటర్, బ్యాటరీ, ఫెండర్లు అన్నీ ఉండాలి. ఖాళీ ఫ్రేము కింద కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు) బరువు పడనట్టే నిలబడతాయి, ఆ కొలత దేనికీ పనికిరాదు. తాపీమేస్త్రీ గోడ నిలువు చూసే గుండు దారం ఒకటి తెచ్చుకో. ఫ్రేములో కుడి ఎడమల ఒకే చోట ఉన్న రంధ్రాల నుంచి దాన్ని వేలాడదీసి, గుండు మొన తాకిన చోట నేల మీద సుద్దతో గుర్తు పెట్టు. ఆ గుర్తుల మధ్య ఐమూలగా రెండు కొలతలు తీసుకుంటే ఫ్రేమే వంకరో కాదో తెలిసిపోతుంది. డెబ్భై ఏళ్ల కారు, ఎక్కడో తగిలే ఉంటుంది. తర్వాత వెనక యాక్సిల్ రెండు చివరల నుంచి, కొత్త ముందు యాక్సిల్ రెండు చివరల నుంచి గుండు దించు. ముందుకీ వెనక్కీ మధ్య దూరం రెండు వైపులా 115 అంగుళాలు రావాలి. ఐమూల కొలతలూ సమానం కావాలి. ఎనిమిదో వంతు అంగుళం మించి తేడా వస్తే స్ప్రింగు బ్రాకెట్లు జరుపు. అప్పటిదాకా చుక్కలు చుక్కలుగా టాక్ చేసి వదిలెయ్యి, పూర్తి అతుకు వేయకు.

క్యాస్టర్ దగ్గర చాలామంది పొరబడతారు. కింగ్‌పిన్ పై భాగం వెనక్కి 5 నుంచి 7 డిగ్రీలు వాలి ఉండాలి, అప్పుడే మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను మధ్యకు వస్తుంది. ఆ డిగ్రీలు కొలవాల్సింది నేలను బట్టి, ఫ్రేమును బట్టి కాదు. 115 అంగుళాల కారుకు ముక్కు 2 అంగుళాలు లేపితే దాదాపు 1 డిగ్రీ పెరుగుతుంది. సమతలంగా ఉన్న ఫ్రేము మీద 6 డిగ్రీలు పెట్టి, తర్వాత ముక్కు 4 అంగుళాలు లేపావంటే అది 8 అయి కూర్చుంటుంది. స్టీరింగ్ బరువెక్కుతుంది, గుంట తగిలినప్పుడు చక్రాలు గజగజ కొట్టుకునే ప్రమాదమూ పెరుగుతుంది. కమాన్ కట్టకూ యాక్సిల్‌కూ మధ్య వాలు ముక్కలు పెట్టి సరిచేసుకో.

స్టీరింగ్ గురించి ఇంకా శ్రద్ధగా చదువు. కమాన్ కట్ట ముందు కన్ను ఫ్రేముకు బిగించి, వెనక షాకిల్ పెట్టావనుకో. గుంటలో యాక్సిల్ లేచినప్పుడు ఇంచుమించు ఆ ముందు కన్ను చుట్టూ తిరుగుతుంది. స్టీరింగ్ బాక్సు యాక్సిల్‌కు వెనక ఉండి, డ్రాగ్ లింకు అక్కడి నుంచి ముందుకు వస్తే, లింకు చివర గీసే వంపు ఇంకో దిక్కుకు ఉంటుంది. రెండు వంపులూ కలవవు గనక నువ్వు చెయ్యి కదపకపోయినా చక్రం తిరుగుతుంది. అందుకే నేనైతే లింకును అడ్డంగా కుడి చక్రానికి వేస్తాను, దానికి తోడు పాన్‌హార్డ్ రాడ్ పెడతాను. లింకూ రాడ్డూ ఒకదానికొకటి సమాంతరంగా, ఇంచుమించు ఒకే పొడుగులో ఉండాలి. అప్పుడు రెండూ కలిసి కదులుతాయి.

టో-ఇన్ ఎనిమిదో వంతు అంగుళం లోపే ఉంచు. బ్రేకు గొట్టాలు చక్రం పూర్తిగా వేలాడినప్పుడూ, పూర్తిగా తిప్పినప్పుడూ లాగుడు పడకూడదు. యాక్సిల్ పైదాకా లేచినా అదీ టై రాడ్డూ ఆయిల్ చాంబర్‌కు తగలకూడదు. బంప్ స్టాపులు పెట్టేది అందుకే.

మొదటిసారి ఖాళీ పార్కింగ్ స్థలంలోనే నడుపు. 50 మైళ్లు తిరిగాక యూ-బోల్టులు ఐమూలగా మళ్లీ బిగించు, కొత్త కమాన్ కట్టలు సర్దుకునేకొద్దీ అవి వదులవుతాయి. నా దగ్గరున్న రీమర్ ఈ వారమే పార్సిల్ చేస్తున్నాను. గుండు దించి రాసుకున్న కొలతలన్నీ, నేల మీద సుద్ద గుర్తుల ఫోటోతో సహా, నాకు పంపు. నేను చూసి సరే అన్నాకే పూర్తి వెల్డింగు మొదలుపెట్టు.

మీ పెదనాన్న