కన్ఫోకల్ లేజర్ ఎండోమైక్రోస్కోపీ

పెద్దపేగు లోపొరపై పెరిగే కండ బుడిపెలే పాలిప్స్. వీటిలో అడినోమాలు కాలక్రమంలో క్యాన్సర్‌గా మారే ప్రమాదం ఉంది. చిన్న హైపర్‌ప్లాస్టిక్ పాలిప్స్‌తో ముప్పు చాలా తక్కువ. ఈ తేడాను కొలనోస్కోపీ జరుగుతుండగానే కణాల స్థాయిలో చూపే పద్ధతి ఇది.

ముఖ్యాంశాలు
- వాడే రంగు: ఫ్లోరెసిన్ (సిరలోకి ఎక్కిస్తారు)
- కాంతి: 488 నానోమీటర్ల నీలి లేజర్
- చిత్రం: సుమారు 1000 రెట్లు పెద్దదిగా కనిపిస్తుంది
- కన్ఫోకల్ సూత్రం (ఒకే లోతు నుంచి వచ్చే కాంతితోనే చిత్రం తీయడం): మార్విన్ మిన్‌స్కీ (అమెరికా), పేటెంట్ దరఖాస్తు 1957, మంజూరు 1961
- పెద్దపేగు పరీక్షలో వినియోగంపై తొలి నివేదిక: 2004, మైంజ్ (జర్మనీ)
- సాధారణ గ్రంథులు: గుండ్రని నోళ్లు, వాటి మధ్య నల్లగా కనిపించే గోబ్లెట్ (జిగురు స్రవించే) కణాలు
- క్యాన్సర్ లక్షణం: గ్రంథుల అమరిక చెదరడం, రక్తనాళాల నుంచి రంగు బయటికి కారడం

గుర్తుంచుకోండి: ఫ్లోరెసిన్ కణ కేంద్రకాలకు రంగు పట్టించదు. కేంద్రకాల్లోని మార్పులు ఇందులో స్పష్టంగా కనిపించవు, అందుకే తుది నిర్ధారణకు బయాప్సీయే ప్రమాణం.