పీనస రోగము: దశను బట్టియే చికిత్స

పడిశెము మందు వాడిన వారము రోజులలోను, వాడకున్న ఏడు రోజులలోను తగ్గునని లోకములో ఒక మాట కలదు. ఏడు రోజులు కాదు, నెలలు గడచినను తగ్గని పడిశెమునే పీనస అందురు. ముక్కు దిబ్బడ, చెక్కిళ్లలోను నుదుటిలోను బరువు, చిక్కని పసుపుపచ్చ చీమిడి, గొంతులోనికి కఫము జారుట, వాసన తెలియకపోవుట దీని లక్షణములు. ఇవి 12 వారములకు మించి ఉన్నచో ఆధునికులు దీర్ఘకాలిక సైనసైటిస్ అందురు. మన శాస్త్రములో దీనికి దగ్గరగా ఉన్నది దుష్ట ప్రతిశ్యాయము. సుశ్రుతుడు ఉత్తర తంత్రమున నాసా రోగములను 31గా లెక్కించి, ప్రతిశ్యాయమునకు వేరుగా ఒక అధ్యాయమునే కేటాయించెను.

వ్యాధి స్వరూపము

ముఖపు ఎముకలలో నాలుగు జతల గాలి గదులు కలవు. వీటి గోడలపైని సూక్ష్మ రోమములు కఫమును ముక్కులోనికి నెట్టుచుండును. చెక్కిలి గదికి ద్వారము అడుగున గాక పైభాగమున ఉన్నది. ఆ ద్వారము వద్ద పొర వాచినచో కఫము లోపలనే నిలిచి చెడును. కనుక చికిత్సకు మూలము కఫమును ఎండగొట్టుట కాదు, దానికి దారి కల్పించుట.

కారణములు

ఒకనాడు రాతి గుట్టలు, పొలములతో నిండిన యాప్రాల్, శామీర్‌పేట, మేడ్చల్ ప్రాంతములలో నేడు ఇండ్ల నిర్మాణపు దుమ్ము, ఖాళీ స్థలములలో పెరుగు వయ్యారిభామ పుప్పొడి, చెత్త తగులబెట్టిన పొగ ముక్కు పొరను బాధించుచున్నవి. ఇవి గాక అలర్జీ, ముక్కు అడ్డుగోడ వంకర, నాసార్శస్సు అను కండ పెరుగుదల, ధూమపానము కూడ కారణములే.

పై దవడ పంటిని మరువరాదు. రెండేండ్లుగా ఒక ప్రక్కనే దుర్గంధముతో కూడిన చీమిడితో బాధపడిన ఒక విశ్రాంత సైనికుడు నా వద్దకు వచ్చెను. అంతకు పూర్వము ప్రతిదినము అణుతైలము వేసుకొనుచుండెను. నేనును మొదట ఒక మాసము కఫహర ఔషధములే ఇచ్చితిని, గుణము కనబడలేదు. పిమ్మట నోరు తెరిపించి చూడగా పై దంతము పుచ్చి ఉన్నది. దంతవైద్యుడు ఆ పంటికి చికిత్స చేసిన పిదప గాని చీమిడి తగ్గలేదు. మొదటి దినముననే చూడవలసినది.

మూడు దశలు, మూడు చికిత్సలు

1. ఆమ దశ: నీరువంటి స్రావము, తుమ్ములు, ఒళ్లు బరువు. ఈ దశలో నస్యము కూడదు. తేలికైన ఆహారము, వేడి నీరు, మిరియాల చారు చాలును. ఆవిరి 5 నిమిషములు పట్టవలెను. మరుగు నీటి గిన్నె వద్దకు పిల్లలను రానీయరాదు.

2. పక్వ దశ: కఫము చిక్కబడి తల తేలికపడును. శొంఠి, పిప్పళ్లు, మిరియములు సమముగా కలిపిన త్రికటు చూర్ణము 1 గ్రాము తేనెతో రెండు పూటల, ఒక వారము తీసికొనవచ్చును. కడుపులో మంట కలవారికి, గర్భిణులకు ఇది తగదు.

3. దుష్ట దశ: చీము, దుర్గంధము, మాటిమాటికి తిరుగబెట్టుట. ఇచ్చట పలువురు పొరపడుచున్నారు. నిత్యము రెండు చుక్కలు వేసుకొను ప్రతిమర్శ నస్యము దుష్ట పీనసలో తగదని వాగ్భటుడు నిషేధించెను. దోషము అధికము, మందు అల్పము. స్నేహ స్వేదముల పిదప వైద్యుడే తగిన మాత్రలో శోధన నస్యము చేయవలెను. చిత్రక హరీతకి లేహ్యమును కూడ వైద్యుని సలహాతోనే వాడవలెను. ఇందు బెల్లము కలదు గనుక మధుమేహులు జాగ్రత్త వహించవలెను.

వ్యాధి శమించిన పిదప తిరిగి రాకుండుటకు అణుతైలము మేలు చేయును.

జలనేతి

హఠయోగ క్రియయైన జలనేతి దీర్ఘకాలిక పీనసలో హితకరము. లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు కలుపవలెను. నీటిని తప్పక మరిగించి చల్లార్చవలెను. 2011లో అమెరికాలోని లూసియానాలో కుళాయి నీటితో ముక్కు కడుగుకొన్న ఇద్దరు అమీబా మెదడుకు సోకి మరణించిరి. కాచిన నీటి విషయమున అశ్రద్ధ పనికిరాదు.

పథ్యాపథ్యములు

రాత్రి పెరుగు, మంచు పానీయములు, పగటి నిద్ర, తడి తలతో పండుకొనుట మానవలెను. దుమ్ములో ముక్కుకు గుడ్డ కట్టుకొనవలెను. దిబ్బడ తొలగించు అంగడి చుక్కల మందులను 5 రోజులకు మించి వాడిన దిబ్బడ మరింత హెచ్చును. పసిబిడ్డల ముక్కులో నూనె, కర్పూరము వేయరాదు. అవి ఊపిరితిత్తులకు, ప్రాణమునకు అపాయకరములు.

ఇంటి వైద్యము ఆపవలసిన లక్షణములు

కన్ను వాచుట, చూపు మసకబారుట, ఒకటి రెండుగా కనబడుట, తీవ్ర జ్వరముతో తలనొప్పి, మెడ పట్టివేయుట, ఒకే ప్రక్క నుండి రక్తము కారుట కనబడినచో ఆ దినమే ఆసుపత్రికి వెళ్లవలెను. మధుమేహులకు ముఖము ఒక ప్రక్క నొప్పి, తిమ్మిరి, ముక్కులో నల్లని పొక్కు ఏర్పడినచో గంటలు కూడ విలువైనవే. 2021లో కరోనా రెండవ విజృంభణ వేళ ఇట్టి నల్ల ఫంగస్ రోగుల కొరకు కోఠీలోని ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రిని తెలంగాణలో ప్రధాన కేంద్రముగా చేసిరి. ఆ వ్యాధికి చూర్ణములు, ఆవిరులు మందు కావు.

కనుక పీనస రోగి ముందు తన దశను గుర్తించవలెను. దశ తెలిసిన మిరియమును మందగును. తెలియక వాడిన అణుతైలమును రోగమును పెంచును.