ఉలవ: పైరు, ఆహారము, ఔషధము



వాన వెనుకబడినను, ఎరువు చాలకున్నను ఎంతో కొంత గింజ యింటికి చేర్చు పైరు ఉలవ. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల మెట్ట నేలలలో నువ్వులు, గోగు మొదలగునవి తీసిన పిదప, మిగిలిన పదునుపై దీనిని చల్లుట మన పెద్దల వాడుక. ఇది ఎడ్ల దాణా యని చులకన చేయువారు కొందరు. సర్వరోగములకు మందని నమ్మువారు మరికొందరు. ఇరువురును తెలిసికొనవలసినది కలదు.

సాగు: ఆగస్టు మొదలు అక్టోబరు వరకు విత్తవచ్చును. గొర్రుతో వరుసలలో విత్తినచో ఎకరమునకు 8 మొదలు 10 కిలోల విత్తనము చాలును. ఆ విత్తనమునకు 200 గ్రాముల రైజోబియము పొడిని బెల్లపు నీటితో పట్టించి, నీడను ఆరబెట్టి విత్తవలెను. ఈ సూక్ష్మజీవులు వేళ్ళపై బుడిపెలు కట్టి, గాలిలోని నత్రజనిని పైరున కందించును. పూతకు ముందు ఒక మొక్కను పెకలించి బుడిపెను చీల్చి చూడుడు. లోపల గులాబివన్నె యున్నచో అది చక్కగా పనిచేయుచున్నదని యర్థము. కోతవేళ మొక్కను పెరుకక కొడవలితో కోసినచో వేళ్ళు నేలలోనే కుళ్ళి సారమగును.

ఆహారము: 100 గ్రాముల ఉలవలలో సుమారు 22 గ్రాముల మాంసకృత్తులు కలవు, ఇనుము, సున్నము కూడ మెండు. బియ్యమున, చోళ్ళలో కొరవడిన పోషకాంశమును ఉలవలు పూరించును. కావున అన్నముతో ఉలవకట్టును, అంబలితో గుగ్గిళ్ళును తినుట మిక్కిలి మేలు. రాత్రి నానవేసి, బాగుగా ఉడికించినచో సులభముగా జీర్ణమగును.

ఔషధము: ఆయుర్వేదమున దీనికి కులత్థమని పేరు. మూత్రాశయమున రాళ్ళు కట్టు అశ్మరీవ్యాధికి దీని కషాయమును చెప్పిరి. మన పల్లెలలోను ఈ నమ్మకము బలముగా నున్నది.

హెచ్చరిక: ఉద్దానమున, అనగా కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మొదలగు ప్రాంతములలో, అనేకులను బాధించు మూత్రపిండముల వ్యాధి వేరు. అది రాళ్ళ వ్యాధి కాదు. మూత్రపిండములే క్రమముగా క్షీణించును. దాని కారణమింకను నిశ్చయముగా తేలలేదు. ఉలవలలో పొటాషియమను లవణము హెచ్చు. ఆరోగ్యవంతుల మూత్రపిండములు దానిని వెలుపలికి పంపివేయును, చెడినవి పంపజాలవు. అది రక్తమున పేరుకొన్నచో గుండెకే అపాయము. కావున ఈ వ్యాధి గలవారు వైద్యుని యడుగక ఉలవకట్టును మందుగా త్రాగరాదు.

ఈ వ్యాధి మొదట ఏ బాధయు చూపదు. రక్తమున క్రియాటినిన్ పరీక్ష చేసిననే తెలియును. పలాసలో 2023వ సంవత్సరము డిసెంబరులో 200 పడకల మూత్రపిండముల ఆసుపత్రి ప్రారంభింపబడినది. అనుమానము గలవారు జాగు చేయక పరీక్ష చేయించుకొనవలయును.

సంఘ సభ్యులారా! విత్తనమును కలిసి కొనుడు. బీడుపడిన చెక్కలలో ఉలవ చల్లుడు. పండినదానిలో కొంత ఇంటి బిడ్డలకు ఉంచుడు. పైరును పైరుగా, మందును మందుగా ఎరిగి వాడుకొనుటయే వివేకము.